సమస్య: “కాలినట్టి కుండఁ గాల్చె మరల”

నిర్వాహకుడు: ఛందస్సు ఆటవెలది. కుమ్మరి ఆవం జోకులు వద్దు. 18వ శతాబ్దంలో చైనా పింగాణీ యూరప్ చేరాక అక్కడి చిత్రకారులు దానిపై మళ్లీ రంగులేసి కాల్చేవారు. ఆ సంగతి మీదే పూరించాలి.

పూరణ 1:
చీన దేశమందుఁ జేసిన పింగాణి
ఓడ లెక్కి వచ్చె నొడ్డు చేర;
రంగులద్దె డచ్చి రసికుఁడు, బట్టీన
కాలినట్టి కుండఁ గాల్చె మరల.

నిర్వాహకుడు: నడక సాఫీగా ఉంది, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పనివాళ్లు గుర్తొచ్చారు. కానీ సమస్య విడలేదు. మళ్లీ కాల్చినా పాత్ర ఎందుకు చెడలేదు? అది చెప్పాలి. ‘ఒడ్డు చేర’ గణం నింపడానికే వచ్చింది. ఓడ చేరేది ఒడ్డుకే కదా!

పూరణ 2:
తెల్ల పాత్ర తొలుత తీవ్రాగ్నిఁ గాల్చిరి,
సన్న సెగకె రంగు చక్కఁ గరఁగు;
లండనందు జైల్సు లాఘవ మేపార
కాలినట్టి కుండఁ గాల్చె మరల.

నిర్వాహకుడు: భేష్! ముడి విడింది. చైనా పింగాణీ నగరం జింగ్డెజెన్‌లో పాత్ర కాలేది సుమారు 1300 డిగ్రీల వేడిలో. దాని మీద వేసే రంగు ఎనామెల్, అంటే లోహపు రంగు కలిపిన గాజుపొడి. సుమారు 800 డిగ్రీలకే కరిగి గ్లేజుకు, అంటే పాత్ర మీది గాజు పూతకు, అతుక్కుంటుంది. కింది పాత్రకు ఏమీ కాదు. మొదటి రెండు పాదాలే ఇదంతా చెప్పేశాయి.

సభ్యురాలు: ఈ లండన్ చిత్రకారుడు జేమ్స్ జైల్స్ రంగులేసింది ఇంగ్లండులో చేసిన వూస్టర్ పింగాణీకి కదా, గురువుగారూ?

నిర్వాహకుడు: దానికీ వేశాడమ్మా, చైనా తెల్లపాత్రలకూ వేశాడు. చేయి మంచిదే, వ్యాపారమే కలిసిరాలేదు పాపం. 1774లో సరుకు క్రిస్టీస్ వేలానికి వెళ్లింది.

పూరణ 3:
నీలి పూల నడుమ నెఱ్ఱని పూవులు
పూత మీద పూత పులిమి పులిమి,
ధరను పెంచనెంచి తన దుకాణమునందు
కాలినట్టి కుండఁ గాల్చె మరల.

నిర్వాహకుడు: ‘పులిమి పులిమి’ అదిరింది. నీలం గ్లేజు కింద ఉంటుంది, చెరిపే వీల్లేదు. అందుకే ఎరుపు, ఆకుపచ్చ, బంగారం దాని మీదే వేసేవారు. కొన్ని పాత్రల మీద పాత గీతకూ కొత్త రంగుకూ పొంతనే ఉండదు. అయితే మొదటి పాదంలో యతి తప్పింది. ‘నడుమన్ + ఎఱ్ఱని’లో యతిస్థానంలో ఉన్నది ‘ఎ’. దానికి ‘నీ’తో మైత్రి లేదు.

పూరణ 3 కవి: “నీలి పూల నడుమ నిండె మంకెనపూలు” అంటే?

నిర్వాహకుడు: చెల్లింది, అందం కూడా పెరిగింది. కానీ అందరినీ పులిమేవాళ్లలో కలపకండి. యూరప్ చిత్రకారుడు ఇగ్నాజ్ ప్రైస్లర్ ఒక్క నల్ల ఎనామెల్‌తో చైనా పాత్రల మీద వేసిన బొమ్మలు చూడండి, ఎంత సన్నటి గీతో! ఆయన మీద ఇక్కడ ఇంకా ఎవరూ పూరణ రాయలేదు. ‘ప్రైస్లరు’ భగణమే, బేసి పాదం చివర హాయిగా ఇముడుతుంది. గడువు రేపు రాత్రి దాకా.