బూట్ అయిన మోడెమ్ బాగుపడినట్టేనా? 9008లో చిక్కిన ఈసీ25ని మళ్లీ చెరువు మీద పెట్టవచ్చా?

చెరువుగట్టు:
అందరికీ నమస్కారం. ఆకివీడు, ఉండి చుట్టుపక్కల రొయ్యల చెరువులకు ఆక్సిజన్ హెచ్చరిక బోర్డులు పెడుతుంటాం. నీటిలో ఆక్సిజన్ పడిపోగానే రైతు ఫోన్ మోగాలి. ప్రతి బోర్డులో క్వెక్టెల్ ఈసీ25 4జీ మాడ్యూల్ ఉంటుంది, మినీ పీసీఐ కార్డు రకం.

పోయిన వారం చెరువు దగ్గర షెడ్డులోనే కూర్చుని యూఎస్‌బీ మీద ఫర్మ్‌వేర్ (మాడ్యూల్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మారుస్తున్నాను. సగంలో ఉండగా అదే లైన్ మీద ఉన్న ఏరేటర్లు, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాలు, అన్నీ ఒకేసారి స్టార్ట్ అయ్యాయి. వోల్టేజ్ పడి బోర్డు ఆగి మళ్లీ లేచింది, మాడ్యూల్ లేవలేదు. తప్పు మాడ్యూల్‌ది కాదు, అక్కడ ఆ పని పెట్టుకున్న నాది. ఇప్పుడు లాప్‌టాప్‌కి కలిపితే మామూలుగా వచ్చే సీరియల్ పోర్టులు ఒక్కటీ లేవు. క్యూడీలోడర్ 9008 అని ఒకే పోర్టు కనిపిస్తోంది.

నా పార్ట్‌నర్ "ఫ్లాష్ చేసి అక్కడే పెట్టేద్దాం, బంగారంలా పనిచేస్తుంది" అంటున్నాడు. నాకు ధైర్యం చాలడం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి ఆ మాడ్యూల్ మెసేజ్ పంపకపోతే రొయ్య తేలిపోతుంది, రైతు పంట మొత్తం పోతుంది. మీరైతే ఏం చేస్తారు?

టంకం మాస్టారు:
ముందు టెన్షన్ తగ్గించుకోండి. 9008 అంటే చచ్చిపోయినట్టు కాదండి, బతికి ఉన్నట్టు. ఈసీ25లో ఉన్నది క్వాల్‌కామ్ ఎండీఎం9607 చిప్. దాని మొట్టమొదటి బూట్ కోడ్ చిప్ లోపలి రోమ్ (ROM)లోనే, అంటే చెరిపేందుకు వీల్లేని శాశ్వత మెమరీలోనే ఉంటుంది. ఫర్మ్‌వేర్ నిల్వ ఉండే నాండ్ ఫ్లాష్ మెమరీలో తర్వాతి మెట్టు దొరకనప్పుడు అది "నాకు కొత్త ఫర్మ్‌వేర్ ఇవ్వండి" అని యూఎస్‌బీ మీద ఎదురుచూస్తుంది. అదే ఎమర్జెన్సీ డౌన్‌లోడ్ మోడ్. పోర్టు నంబర్ ఒకసారి సరిగ్గా చూసుకోండి. 900ఈ అని ఉంటే అది వేరే స్థితి, క్రాష్ అయి మెమరీ డంప్ కోసం ఆగి ఉందని.

పని ఇలా జరుగుతుంది. ముందు సహారా అనే ప్రోటోకాల్ మీద ఒక చిన్న ప్రోగ్రామర్ ఫైలు మాడ్యూల్ తాత్కాలిక మెమరీలోకి వెళ్తుంది. అది నడవడం మొదలయ్యాక ఫైర్‌హోస్ ప్రోటోకాల్ మీద ఒక్కో పార్టిషన్‌నూ నాండ్‌లోకి రాస్తుంది. లైనక్స్‌లో క్యూఫైర్‌హోస్, విండోస్‌లో క్యూఫ్లాష్ ఈ రెండు పనులూ చేసిపెడతాయి. లైనక్స్ అయితే మోడెమ్‌మేనేజర్ సర్వీసు ముందే ఆపండి, అది మధ్యలో పోర్టు పట్టుకుంటుంది.

ప్యాకేజీ మాత్రం మీ స్టిక్కర్ మీద ఉన్న రకానిదే కావాలి. ఈసీ25లో ఒక్కో ప్రాంతానికి ఒక్కో రకం ఉంది, బ్యాండ్లు వేరు, ఫర్మ్‌వేరూ వేరు. "అదీ ఈసీ25యే కదా" అని ఏదో ఒకటి ఎక్కించకండి. కరెంటు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మీ మినీ పీసీఐ కార్డు కాళ్ల దగ్గర 3.0 నుంచి 3.6 వోల్టుల మధ్య నిలబడాలి, 3.3 మంచిది, సప్లై 2 ఆంపియర్లు ఇవ్వగలగాలి. చవక యూఎస్‌బీ హబ్ మీద ఈ పని చేయకండి.

నా మాట: ఫ్లాష్ చేయండి, వాడండి. పావుగంట పనికి మంచి మాడ్యూల్‌ను చెత్తబుట్టలో వేయడం నాకు మనసొప్పదు.

ఓరుగల్లు ఫీల్డ్:
మాస్టారు చెప్పిన పద్ధతి కరెక్టే, దాని గురించి నాకు పేచీ లేదు. "వాడండి" అన్న చివరి మాట దగ్గరే నాకు అభ్యంతరం.

నాకు జరిగింది చెప్తా. పంపుసెట్ల బోర్డులో ఇలాంటి మాడ్యూలే 9008లో పడింది. ఫ్లాష్ చేసిన, లేచింది, ఏటీ కమాండ్ కొడితే ఓకే అని జవాబు వచ్చింది. పండగ చేసుకున్న. తర్వాత ఐఎంఈఐ (మాడ్యూల్ గుర్తింపు నంబరు) అడిగితే అన్నీ సున్నాలు. స్టిక్కర్ మీది దాని సొంత నంబరే తిరిగి రాసిన. హన్మకొండలో షాపు దగ్గర నెట్‌వర్క్ పట్టింది. ఊళ్లో బావి దగ్గర పెట్టినంక రోజుకు పది సార్లు పోతూ వస్తూ ఉంది. పక్కనే వేరే మంచి మాడ్యూల్ అదే యాంటెన్నాతో నిక్కచ్చిగా నడుస్తోంది.

కారణం తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది. ఫ్యాక్టరీలో ప్రతి మాడ్యూల్‌నూ పరికరాల మీద పెట్టి, ఏ బ్యాండులో ఎంత పవర్‌తో పంపాలి, వచ్చిన సిగ్నల్‌ను ఎంత సవరించాలి అని కొలిచి, ఆ లెక్కలు నాండ్‌లోని ఈఎఫ్ఎస్ అనే భాగంలో రాస్తారు. రెండు మాడ్యూళ్లకు ఒకటే లెక్క ఉండదు. అది చెరిగిపోతే ఏ ఫర్మ్‌వేర్ ప్యాకేజీలోనూ దొరకదు. ఫర్మ్‌వేర్ అందరిదీ, ఆ లెక్క ఆ ఒక్క మాడ్యూల్‌ది. టవర్ దగ్గరలో ఉంటే ఆ లోపం బయటపడదు. చెరువులు టవర్ పక్కన ఉండవు కదా అన్నా.

టంకం మాస్టారు:
మీ బాధ అర్థమైంది. ఒక్క సంగతి అడుగుతాను. ఆ రోజు "అంతా చెరిపి ఎక్కించు" అన్న ఆప్షన్ పెట్టారా? క్యూఫైర్‌హోస్‌లో మైనస్ ఈ అని ఉంటుంది. కాలిబ్రేషన్ డేటా (మీరు చెప్పిన ఫ్యాక్టరీ లెక్కలు) కూడా పోతుంది, జాగ్రత్త అని ఆ టూలే హెచ్చరిస్తుంది. మామూలుగా ఫ్లాష్ చేస్తే ఈఎఫ్ఎస్ జోలికి పోదు.

ఓరుగల్లు ఫీల్డ్:
పెట్టిన. ఎవరో "మొత్తం చెరిపితేనే శుభ్రంగా ఎక్కుతుంది" అన్నారు, నమ్మిన. అందుకే ఇంత గట్టిగా చెప్తున్న. మొదటిసారి ఫ్లాష్ ఫెయిలైనప్పుడు చేతికి ముందు తగిలేది ఆ ఆప్షనే.

గుంటూరు సర్క్యూట్:
ఒక మాట కలుపుతాను. కొందరు ఇంకో దగ్గరి దారి చెబుతారు: మంచి మాడ్యూల్ నుంచి ఈఎఫ్ఎస్ బ్యాకప్ తీసి చెడిపోయిన దానిలో పోయడం. దయచేసి ఎవరూ చేయకండి. కాలిబ్రేషన్ ఎలాగూ వేరే మాడ్యూల్‌ది అవుతుంది. దాంతోపాటు దాని ఐఎంఈఐ కూడా వచ్చేస్తుంది. ఒకే నంబరుతో రెండు పరికరాలు నెట్‌వర్క్ మీదికి వస్తాయి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలో ఇలాంటి గుర్తింపు నంబర్లను తారుమారు చేస్తే మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉన్నాయి.

9008 పోర్టు కూడా రాని మాడ్యూళ్ల గురించి: ఈసీ25లో యూఎస్‌బీ బూట్ అనే పిన్ ఉంది. పవర్ ఇచ్చే సమయంలో దాన్ని మాడ్యూల్ ఇచ్చే 1.8 వోల్టులకు కలిపి ఉంచితే నేరుగా ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తుంది. 3.3 వోల్టులకు మాత్రం కలపకండి. పైన్‌ఫోన్ అనే లైనక్స్ ఫోన్‌లో ఉన్న ఈజీ25-జీకి కూడా బోర్డు మీద ఇందుకోసం టెస్ట్ పాయింట్లు ఇచ్చారు. అలా చేసినా పోర్టు రాకపోతే సప్లై, కేబుల్ చూసుకుని, ఇక కొత్తది కొనుక్కోవడమే.

చెరువుగట్టు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి షాపులో బెంచ్ సప్లై మీద చేశాను. మా రకానికి చెందిన ప్యాకేజీయే, చెరిపే ఆప్షన్ లేకుండా. మొదటిసారి మధ్యలో ఆగింది. చూస్తే మోడెమ్‌మేనేజర్ ఆపడం మరిచిపోయాను. రెండోసారి పూర్తయింది. ఐఎంఈఐ స్టిక్కర్ మీద ఉన్నదే చూపించింది. అది చూశాక ఊపిరి పీల్చుకున్నాను. మంచి మాడ్యూల్‌నూ దీన్నీ మార్చి మార్చి అదే యాంటెన్నాకి, అదే సిమ్‌తో పెట్టి చూశాను. మంచిదానిలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (టవర్ నుంచి అందే సిగ్నల్ బలం) మైనస్ 95, దీనిలో మైనస్ 97.

టంకం మాస్టారు:
ఇంకేం కావాలండి! రెండు డీబీ తేడా కిటికీ తెరిస్తే వస్తుంది. పట్టుకెళ్లి పెట్టేయండి.

ఓరుగల్లు ఫీల్డ్:
అన్నా, ఆ అంకె మాడ్యూల్ ఎంత బాగా వింటోందో చెప్తుంది. ఎంత బాగా మాట్లాడుతోందో చెప్పదు. హెచ్చరిక మెసేజ్ పోవాల్సింది ఇటు నుంచి అటు. సిగ్నల్ అంచున ఉన్న చోట పెట్టి, గంటల తరబడి పెద్ద ఫైళ్లు అప్‌లోడ్ చేయించి, మంచి మాడ్యూల్ పక్కన పోల్చి చూడు. సప్లై కరెంటు కూడా కొలువు. అన్నీ సరిపోయినా నేను దాన్ని ఆక్సిజన్ హెచ్చరికకు పెట్టను. ఆ రోజు వోల్టేజ్ పడినప్పుడు నాండ్‌లో ఇంకేమైనా సగం రాసి ఆగిందా అన్నది మన కంటికి కనపడదు.

టంకం మాస్టారు:
మాట్లాడటం, వినడం అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. అప్‌లోడ్ పరీక్ష చేయకుండా "పెట్టేయండి" అనకూడదు. కానీ పరీక్షలన్నీ నెగ్గిన దాన్ని కూడా అనుమానిస్తే కొత్త మాడ్యూల్‌నూ అనుమానించాల్సిందే కదండీ. కొత్తది పెట్టెలోంచి తీసి నేరుగా చెరువు మీద పెడతాం, దానికి ఏ పరీక్షా లేదు. ఆ విషయంలో నా అభిప్రాయం మారలేదు.

చెరువుగట్టు:
మాస్టారు గారి చివరి మాట నన్ను ఆలోచనలో పడేసింది. నిజమే, కొత్తవాటిని మేమూ పరీక్షించడం లేదు. ఇక నుంచి కొత్తదైనా మూడు రోజులు షాపులో అప్‌లోడ్ మీద నడిచాకే చెరువు మీదికి వెళ్తుంది.

ఈ మాడ్యూల్ విషయంలో మాత్రం ఓరుగల్లు అన్న మాటే విన్నాను. దీన్ని మేత గోడౌన్‌లో ఉష్ణోగ్రత చూసే బోర్డుకు మార్చాను. అక్కడ ఒక పూట మెసేజ్ రాకపోయినా ఎవరి పంటా పోదు. చెరువుకు కొత్తది పెట్టాం, దాని ఖర్చు రైతు మీద వేయలేదు. ఇంకా ఎనిమిది బోర్డులకు ఫర్మ్‌వేర్ మార్చాలి. వాటిని ఊడదీసి షాపుకు తెచ్చి, బ్యాటరీ మీద పెట్టి చేస్తాం. ఒక్కో చెరువుకు ఆ రెండు రోజులూ స్పేర్ బోర్డు ఉంటుంది. గోడౌన్ మాడ్యూల్ నెల రోజుల లాగ్ తీసి ఇక్కడే పెడతాను.