పాత వాల్వు టీవీలో హమ్: ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడం ఎలా?

మూడులాంతర్ల మనవడు (విజయనగరం)
మా తాతగారు ఖరగ్‌పూర్ రైల్వేలో ఉన్నప్పుడు, 1975లో కలకత్తా టీవీ కేంద్రం మొదలయ్యాక కొన్న బ్లాక్ అండ్ వైట్ సెట్టు ఇది. రిటైరై ఇక్కడికి తెచ్చుకున్నాక మన ఊళ్లో బొమ్మ రావడానికి చాలా ఏళ్లు పట్టిందట. అంతవరకు దాని మీద లేసు గుడ్డ, ప్లాస్టిక్ పూలు. మొన్న అటక మీంచి దించి, సిరీస్ బల్బు (కరెంటు ఒక్కసారిగా దూసుకెళ్లకుండా అడ్డుపడేది) పెట్టి ఆన్ చేశాను. వాల్వులన్నీ (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాలు) వెలిగాయి. సిరీస్ బల్బు తీసేసి, సెట్‌టాప్ బాక్సుకు మాడ్యులేటర్ డబ్బా (బాక్సు బొమ్మను పాత టీవీ ఛానల్‌గా మార్చేది) తగిలించి ఛానల్ 4 పెడితే బొమ్మ కూడా వచ్చింది. కానీ స్పీకర్లో ఒకటే జుమ్మని మోత. మాటలు దాని వెనక ఎక్కడో వినిపిస్తున్నాయి. కండెన్సర్లన్నీ ఒక్కసారే మార్చెయ్యమన్నారొకాయన. దోషం ఎక్కడుందో తెలియకుండా అన్నీ పీకడం నాకు ఇష్టం లేదు. ఎక్కడ మొదలెట్టాలి?

బొబ్బిలి తంబూర
ముందు శ్రుతి వినండి. మా ఇంట్లో వాల్వు రేడియోలు నాలుగున్నాయి. మోత 100 హెర్ట్జ్ అయితే ఫిల్టర్ కండెన్సర్ (సప్లై కరెంటును నునుపు చేసేది). ఇంకా మంద్రంగా 50 అయితే హీటర్ (వాల్వు లోపల వేడెక్కే తీగ) వైరింగో, వాల్వు లీకేజో. నాకు ఈ సూత్రం ఎప్పుడూ తప్పలేదు.

ఆమదాలవలస మెకానిక్
రేడియోకి తప్పదు మాస్టారూ, టీవీకి తప్పుతుంది. మీ రేడియోల్లో ట్రాన్స్‌ఫార్మర్, ఫుల్‌వేవ్ రెక్టిఫైయర్ (ఏసీ అల రెండు సగాలనూ డీసీగా మార్చేది) ఉంటాయి. ఈ రకం టీవీల్లో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. మెయిన్స్ నుంచి ఒక్క బీవై127 డయోడ్, అది హాఫ్‌వేవ్, అంటే ఒక సగాన్నే వాడుకుంటుంది. ఫిల్టర్ ఎండినా 50, హీటర్ లీకైనా 50. చెవి రెండింటినీ విడదీయలేదు.

ఇంకో సంగతి. ఆ ఛాసిస్ (భాగాలన్నీ బిగించిన లోహపు చట్రం) నేరుగా మెయిన్స్‌కి కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ మొత్తం ఫేజే. టెస్టర్‌తో చూడకుండా ముట్టుకోవద్దు. 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టును మెయిన్స్ నుంచి విడదీసేది) దొరికేదాకా వెనక అట్ట తీయకపోవడం మంచిది. యాంటెన్నా సాకెట్టు దగ్గర ఉండే ఐసొలేషన్ కండెన్సర్లు లీకైతే సెట్‌టాప్ బాక్సు కూడా షాక్ కొడుతుంది. నాకు ఒకసారి తగిలింది, మోచేతి దాకా.

మూడులాంతర్ల మనవడు
అమ్మో. ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకున్నాకే మళ్లీ వస్తాను.

పలాస తిత్లీ
తెచ్చుకునేలోపు వెనక అట్ట తీయకుండానే రెండు పరీక్షలు చేయొచ్చు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. మోత తగ్గితే దోషం వాల్యూమ్ కంట్రోల్‌కి ముందు. అలాగే ఉంటే తర్వాత, అంటే అవుట్‌పుట్ వాల్వు, దాని సప్లై. రెండోది, బొమ్మ చూడండి. అంచులు పాములా మెలికలు తిరుగుతున్నా, అడ్డంగా నల్లటి పట్టీ పాకుతున్నా హెచ్‌టీ (వాల్వులకు వెళ్లే ఎక్కువ వోల్టుల సప్లై) ఫిల్టర్ మీద అనుమానం. బొమ్మ శుభ్రంగా ఉంటే ఆడియో వైపు వెళ్లండి. (ఒకే డబ్బాలో రెండు మూడు కండెన్సర్లు ఉంటాయి కనుక, ఆడియోకి వెళ్లేది మాత్రమే ఎండి, బొమ్మ బాగానే ఉండటం కూడా జరుగుతుంది.)

2018లో తిత్లీ తుపాను తర్వాత మా సెట్టుకి మోత మొదలైంది. చివరికి చూస్తే వాల్యూమ్ కంట్రోల్‌కి వెళ్లే షీల్డు వైరు జాలీని ఛాసిస్‌కి పట్టుకున్న రివెట్టు తుప్పు పట్టింది. గీకి సోల్డర్ చేస్తే పోయింది. రూపాయి ఖర్చు లేదు. సముద్రపు గాలి ఉన్న ఊళ్లవాళ్లు ఎర్త్ జాయింట్లు ముందు చూడండి.

మూడులాంతర్ల మనవడు
ట్రాన్స్‌ఫార్మర్ దొరికింది. వాల్యూమ్ సున్నా చేసినా మోత అలాగే ఉంది. బొమ్మ అంచుల్లో సన్నగా మెలిక. ఆడియో వాల్వు పీసీఎల్82. దాన్ని పీకి చూడనా?

ఆమదాలవలస మెకానిక్
వద్దు బాబూ! ఇందులో హీటర్లన్నీ ఒకే వరుసలో 300 మిల్లీఆంపియర్ల మీద నడుస్తాయి. సిరిమానోత్సవానికి కట్టే సీరియల్ బల్బుల దండలాగే, ఒకటి తీస్తే అన్నీ ఆరిపోతాయి. పైగా లోడు పోయాక ఫిల్టర్ కండెన్సర్లలో 300 వోల్టులు దాటి కూర్చుంటుంది.

ప్రతిసారీ ఆఫ్ చేసి, రెసిస్టర్‌తో కండెన్సర్లను డిస్చార్జ్ చేసి, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి. ముందు పాత ఫిల్టర్‌కి సమాంతరంగా అంతే విలువ, 400 వోల్టుల కొత్తది కలిపి ఆన్ చేయండి. కరెంటు ఉండగా అంటించవద్దు, నిప్పురవ్వ లేస్తుంది. అది కాకపోతే పెంటోడ్ (పీసీఎల్82లో అవుట్‌పుట్ ఇచ్చే భాగం) గ్రిడ్‌ను, అంటే శబ్దం లోపలికి వెళ్లే కాలును, 0.1 మైక్రోఫారడ్ ద్వారా ఛాసిస్‌కి కలపండి. మోత ఆగితే ముందు స్టేజీ. ఆగకపోతే ఆ వాల్వూ దాని చుట్టూ ఉన్నవే.

మూడులాంతర్ల మనవడు
కొత్త ఫిల్టర్‌తో బొమ్మ మెలిక పోయింది, మోత సగం తగ్గింది. మిగతా సగానికి గ్రిడ్ పరీక్ష చేస్తే ఏమీ మారలేదు.

పలాస తిత్లీ
క్యాథోడ్ బైపాస్ (వాల్వు క్యాథోడ్ కాలు నుంచి ఛాసిస్‌కి ఉండే కండెన్సర్)?

మూడులాంతర్ల మనవడు
అదే! ఆఫ్ చేసి, పెంటోడ్ క్యాథోడ్ దగ్గరి పాతదాని మీద 100 మైక్రోఫారడ్, 25 వోల్టులది కలిపి చూస్తే దాదాపు నిశ్శబ్దం. ఇక అయిపోయింది అనుకున్నాను. సాలూరులో ఒక స్నేహితుడి దగ్గర ఇంకో పీసీఎల్82 ఉంటే, ఊరికే సరదాకి మార్చాను. ఆ బైపాస్ తీసేసినా మోత రాలేదు.

బొబ్బిలి తంబూర
అంటే హీటర్ నుంచి క్యాథోడ్‌కి లీకేజీ మీ పాత వాల్వులోనే ఉంది. కండెన్సర్ బాగున్నంతకాలం ఆ 50 హెర్ట్జ్‌ను ఛాసిస్‌కి దించేసేది. అది ఎండాక బయటపడింది. నా శ్రుతి సూత్రం సగమైనా నిలబడినట్టేగా?

ఆమదాలవలస మెకానిక్
సగం ఇచ్చాం, తీసుకోండి. బైపాస్ మాత్రం కొత్తదే ఉంచండి, తీసెయ్యొద్దు.

మూడులాంతర్ల మనవడు
ఉంచాను. ఒక్కటే మిగిలింది. తెర మీద తెల్ల అక్షరాలు వచ్చినప్పుడల్లా గరగరమని చిన్న శబ్దం. అక్షరాలు పోతే అదీ పోతుంది. ఇదేటి మళ్లీ?

పలాస తిత్లీ
అది హమ్ కాదు, ఇంటర్‌కారియర్ బజ్. తెలుపు ఎక్కువైనప్పుడు మాడ్యులేటర్‌లో కారియర్ (సిగ్నల్‌ను మోసే తరంగం) మరీ పడిపోతోంది, 5.5 మెగాహెర్ట్జ్ శబ్దంలోకి బొమ్మ దూరుతోంది. టీవీ జోలికి వెళ్లకండి. డబ్బాకి వెళ్లే వీడియో లెవల్ కొంచెం తగ్గించి చూడండి.

మూడులాంతర్ల మనవడు
వీడియో వైరుకి చిన్న ప్రీసెట్ (తిప్పి సరిచేసే రెసిస్టర్) పెట్టి తగ్గించాను. పోయింది. లేసు గుడ్డ మళ్లీ వేస్తానంటోంది అమ్మ. వెనక గాలి రంధ్రాలు మూయకుండా వెయ్యమన్నాను.