అప్‌డేట్: అమ్మను సంగమేశ్వరం తీసుకెళ్లాను

1981లో శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊరిని అమ్మ మర్చిపోలేకపోతోంది, అటు తీసుకెళ్తే బాధ తగ్గుతుందా పెరుగుతుందా అని అడిగాను కదా. నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడగానే కర్నూలు నుంచి బయల్దేరాం.

ఊరి జాడే లేదు. నెర్రెలిచ్చిన ఒండ్రు నేల. అమ్మ మాత్రం "ఇదో, ఇక్కడే మన కళ్లం" అంది. "కాదక్కా, అది ఆ పక్క" అన్నాడు మామ. ఇద్దరూ ఒకటే గొడవ! తలచుకున్న ప్రతిసారీ మెదడు జ్ఞాపకాన్ని మళ్లీ అల్లుకుంటుందట, అప్పటి మనసు రంగు దానికి అంటుతుందట. మరి ఎవరిది నిజమని తేల్చేది?

బాధ పోయిందా అంటే, లేదు. కానీ ఇదివరకు ఊరి పేరెత్తితే ఖాళీ చేసిన రోజు సంగతే చెప్పి ఏడ్చేది. ఇప్పుడు కళ్లం గొడవ చెబుతోంది. మళ్లీ పోదామంటోంది, ఈసారి మామ లేకుండా.