గేటు పక్కన ఆరడుగుల జాగాలో తురాయి పెట్టొచ్చా?

పెరటిమొక్క: మాది 200 గజాల ఇల్లు, ఉత్తరం ఫేసింగ్. ఇంటికీ ప్రహరీకీ మధ్య ఆరడుగులుంటాయి. అక్కడ ఎర్ర తురాయి పెట్టాలని చిన్నప్పటి నుంచీ కోరిక. పక్కనే నీళ్ల సంపు. పెట్టొచ్చాండీ?

విశాఖవాసి: వద్దండి. తురాయి వేళ్లు లోతుకి దిగవు, పైపైనే పాకుతాయి. ఎత్తుకన్నా గొడుగే వెడల్పు. మేం గోడకి ఐదడుగుల్లో పెట్టాం. కొన్నేళ్లకే గచ్చు లేచి గేటు పడడం మానేసింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి చెట్టు వేళ్లతో సహా పెకలి పక్కింటి గోడ మీద పడింది. ఇరవై అడుగులైనా వదలాలి.

గోదారిగట్టు: 200 గజాల్లో ఇరవై అడుగులు ఎక్కడ తెస్తారండీ? మా నాన్నగారు వేసిన తురాయి గోడకి ఏడడుగుల్లోనే ఉండేది. ముప్పై ఏళ్లలో ఒక్క పగులు రాలేదు.

చింతచిగురు: పైన కరెంటు తీగలున్నాయా?

విశాఖవాసి: మీ నేల గట్టిదేమో. అందరికీ ఏడడుగులు చాలవు.

గోదారిగట్టు: ఏడడుగులు చాలాయి కాబట్టే చెప్తున్నాను. ఒక్క తుఫానుకి మీకు చెట్టంటేనే భయం పట్టుకుంది.

విశాఖవాసి: భయమా? ఆ గోడ నా డబ్బుతో కట్టించాను. అయినా పక్కింటాయన ఈరోజుకీ నాతో మాట్లాడరు. సరే, "ఉండేది" అన్నారు. ఇప్పుడు లేదా?

గోదారిగట్టు: లేదు. మేం ఊళ్లో లేనప్పుడు పక్కవాళ్లు కొట్టించేశారు. ఆకులు వాళ్ల వాకిట్లో రాలుతున్నాయట. మే నెలంతా ఆ నీడలోనే కారు పెట్టుకునేవారు. తిరిగొచ్చేసరికి మొదలు మీద రంపపు పొట్టు ఇంకా తడిగానే ఉంది.

విశాఖవాసి: చెప్పకుండా కొట్టడం ఘోరం. కానీ కొమ్మలు అటు వెళ్తాయని తెలిసీ ఏడడుగుల్లో పెట్టాక, అది వాళ్ల చెట్టు కూడా అయినట్టే కదండీ. పెట్టేముందు వాళ్లనీ అడగాలి.

గోదారిగట్టు: మా జాగాలో మా నాన్న చెట్టు పెట్టుకోడానికి పక్కింటి పర్మిషనా? ఒప్పుకోను.

చింతచిగురు: ఉత్తరం ఫేసింగంటే చలికాలమంతా ఇంటి నీడ అక్కడే పడుతుంది. తురాయికి రోజంతా ఎండ కావాలి. ఆరడుగుల్లో దేవగన్నేరు నయం, వేళ్ల గొడవ తక్కువ. దానికీ ఎండ కావాలి కాబట్టి గేటు పక్కన బాగా ఎండ తగిలే మూల చూడండి. మొక్క మొదలు దగ్గర నీళ్లు నిలవనివ్వకండి, కుళ్లిపోతుంది.

పెరటిమొక్క: ఇప్పుడే టేపు పట్టి కొలిచాను. ఆరడుగులు కూడా లేదు, ఐదడుగుల పదంగుళాలు. సంపు మూతకి మూడడుగులే. తురాయి ఆశ వదులుకున్నాను. దేవగన్నేరే పెడతాను, కానీ ముందు పక్కింటి పిన్నిగారితో మాట్లాడి వస్తాను.

గోదారిగట్టు: మాట్లాడండి. పర్మిషన్ మాత్రం అడగకండి.