రస్ట్ మార్పులపై తెలుగు న్యూస్‌లెటర్: వారానికోసారా, పదిహేను రోజులకోసారా?

రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో వస్తున్న మార్పులను తెలుగులో అందించే న్యూస్‌లెటర్ మొదలుపెడుతున్నాం. స్టేబుల్ (అందరూ వాడే స్థిరమైన రూపం) విడుదల ఆరు వారాలకోసారే, పైగా బీటా (దానికి ముందు వచ్చే పరీక్షా రూపం) చూస్తే రాబోయేది ముందే తెలుస్తుంది. చిక్కంతా ఆర్‌ఎఫ్‌సీలతోనే, అంటే భాషలో మార్పుల కోసం పెట్టే బహిరంగ ప్రతిపాదనలతోనే. తుది అభిప్రాయాల గడువు 10 రోజులే కాబట్టి, పదిహేను రోజులకో సంచిక వేస్తే కొన్నిటి గడువు పాఠకులకు తెలిసేలోపే అయిపోతుంది. వారం వారం వేద్దామంటే రాసేది ఇద్దరమే. ఈ స్థితిలో మీరైతే ఏది ఎంచుకుంటారు?

ఇంకొకటి. ఆర్‌ఎఫ్‌సీకి ఆమోదం దొరకగానే ఫీచర్ 'వచ్చేసింది' అని రాస్తే పాఠకుణ్ణి తప్పుదోవ పట్టించినట్టే. జెనరిక్ అసోసియేటెడ్ టైప్స్ అనే ఫీచర్‌కు 2017లో ఆమోదం దొరికినా, స్టేబుల్‌కు చేరింది 2022 నవంబరులో, 1.65తో. అందుకే ప్రతి అంశం పక్కన అది ఏ దశలో ఉందో వేయాలి: ఆమోదం, నైట్లీ (రోజూ వచ్చే ప్రయోగాత్మక రూపం), స్టేబుల్. గిట్‌హబ్ ట్రాకింగ్ ఇష్యూల (ఒక్కో ఫీచర్ పురోగతిని నమోదు చేసే పేజీల) లేబుళ్ల నుంచి ఈ వివరం లాగే స్క్రిప్ట్ ఎవరైనా నడుపుతున్నారా? లేబుల్ పేర్లు మారితే ఎలా సర్దుకుంటున్నారు?