ఇంటికి ఎస్ప్రెసో మెషీన్: ఏ షాపును నమ్మి కొనాలి?

రాజమండ్రి కాఫీ

అందరికీ నమస్కారం. పొద్దున్నే ఇంట్లో అందరం ఫిల్టర్ కాఫీయే తాగుతాం, అది మానే ఉద్దేశం లేదు. కానీ మా అమ్మాయికీ నాకూ ఎస్ప్రెసో (వేడినీళ్లను ఒత్తిడితో పొడిలోంచి పంపి తీసే చిక్కటి కాఫీ) మీద బాగా ఇష్టం పట్టుకుంది. అరకు గింజలు తెప్పించుకుని ఇంట్లోనే చేసుకుందామని అనుకుంటున్నాం. మెషీను, గ్రైండరు కలిపి 70,000 వరకు పెట్టగలం. ఏ మోడల్ అన్నది దాదాపు తేల్చుకున్నాం. ఎవరి దగ్గర కొనాలన్నదే తేలట్లేదు.

డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య సంక్రాంతికి వస్తూ తెస్తానంటున్నాడు, అక్కడ ధర బాగా తక్కువట. ఇక్కడ చూస్తే పెద్ద ఆన్‌లైన్ సైటులో అదే మోడల్‌ని ముగ్గురు అమ్ముతున్నారు, ఒక్కొక్కరిది ఒక్కో ధర. బెంగళూరులో కాఫీ సామాను మాత్రమే అమ్మే షాపు ఒకటి ఉంది, అందరికంటే ధర వాళ్లదే ఎక్కువ. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకాయన మాత్రం ‘సీల్డ్ ఇంపోర్ట్ పీస్’ అంటూ దాదాపు సగం ధరకే ఇస్తానంటున్నాడు. డబ్బు మాత్రం ముందే యూపీఐ చేయాలట. రాజమండ్రిలో ఈ మెషీను చూపించే షాపు నాకు కనబడలేదు. ఇంత డబ్బు పెట్టి, చూడకుండా కొనాలంటే టెన్షన్‌గా ఉంది. కొన్నవాళ్లు ఎలా ఎంచుకున్నారో చెప్పండి.

టెక్సస్ తెలుగు

అండీ, నేనూ ఇటువైపే ఉంటాను. మీ అన్నయ్యగారిని మెషీను మాత్రం తేవద్దనండి. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకి 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడి 1500 వాట్ల హీటరుని అక్కడ నేరుగా ప్లగ్గులో పెడితే 5,500 వాట్లు లాగబోతుంది. ఆ క్షణంలోనే ఫ్యూజో, బోర్డో పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చంటారు గానీ, దానికి కనీసం 2000 వీఏ సామర్థ్యం ఉన్నది కావాలి, వంటగట్టు మీద అంత బరువు పెట్టుకోవాలి. అది వోల్టేజీని మారుస్తుంది తప్ప 60 హెర్ట్జ్‌ని ఇవ్వలేదు. పైగా ఇక్కడ కొన్న మెషీనుకి వారంటీ ఇక్కడికే.

ఆయన తేవాలనే ఉంటే చేత్తో తిప్పే గ్రైండర్ తెమ్మనండి. 1జెడ్‌ప్రెస్సో, కిన్‌గ్రైండర్ లాంటివి ఎస్ప్రెసోకి సరిపడా మెత్తగా ఆడతాయి. కరెంటుతో పనే లేదు, సూట్‌కేసులో పడుతుంది.

మియాపూర్ వర్క్‌షాప్

పైన చెప్పింది నిజం. హెర్ట్జ్ సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ఇళ్ల మెషీన్లలో ఎక్కువగా ఉండేది వైబ్రేషన్ పంపు. కరెంటు సైకిలుకి ఒకసారి కొట్టుకుంటుంది, సెకనుకి ఎన్ని సైకిళ్లో చెప్పేదే హెర్ట్జ్. సెకనుకి 60 సార్లు కొట్టుకునేలా చేసిన పంపు మన దగ్గర 50 సార్లే కొట్టుకుంటుంది, ఆ మేరకు బలం తగ్గుతుంది.

నేను మియాపూర్‌లో కాఫీ మెషీన్లు బాగు చేస్తాను. ఎక్కువగా కేఫుల్లోవి, ఈమధ్య ఇళ్లలోవి కూడా బాగానే వస్తున్నాయి. నేను మెషీన్లు అమ్మను. ఏ షాపుతోనూ నాకు లావాదేవీ లేదు. కాబట్టి మీకు సూటిగానే చెప్తాను అమ్మా. రెండో ఏడు ఆ మెషీను కారడం మొదలుపెడితే ఎవరు విప్పుతారు? ఏ షాపు దగ్గర దీనికి సమాధానం ఉందో అక్కడ కొనండి. ధర ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకంటే, మిక్సీ పాడైతే ఏ ఊళ్లోనైనా వీధి చివర బాగుచేసేవాడు దొరుకుతాడు. దీనికి అలా దొరకడు. లోపల 90 డిగ్రీలు దాటిన నీళ్లు, 9 బార్ల ఒత్తిడి, వాటిని ఆపి ఉంచే రబ్బరు ముక్కలు. ఆ వేడికి రబ్బరు గట్టిపడుతుంది. పోర్టాఫిల్టర్ (పొడి నింపి మెషీనుకి తగిలించే పిడి) బిగించే చోట ఉండే రబ్బరు చుట్టని, అంటే గ్రూప్ గ్యాస్కెట్‌ని ఏడాదికో రెండేళ్లకో మార్చాల్సిందే. అది మెషీను లోపం కాదు. కానీ ఆ చిన్న రబ్బరు చుట్ట దొరక్క నెలల తరబడి మూలన పడేసిన మెషీన్లు నా బల్ల మీదికి వస్తుంటాయి. మెషీను బాగానే ఉంటుంది. అమ్మినవాడి దగ్గర మాత్రం స్పేర్ ఉండదు. ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పలేడు. కొన్న మనిషి కాఫీయే మానేసి ఉంటాడు. నాకు చాలా బాధనిపించేది ఇదే.

అందుకని డబ్బు కట్టకముందే షాపుకి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. ఈ మోడల్‌కి గ్రూప్ గ్యాస్కెట్, షవర్ స్క్రీన్ (నీళ్లను పొడి మీద చల్లే జల్లెడ), పంపు మీ దగ్గర స్టాకులో ఉన్నాయా, ఒక్కోటి ఎంత? పోర్టాఫిల్టర్ ఎన్ని మిల్లీమీటర్లు? పొడి పోసే బాస్కెట్‌లలో మామూలు సింగిల్ వాల్‌ది పెట్టెలోనే వస్తుందా, ముతక పొడికి కూడా ఒత్తిడి తెచ్చే ప్రెషరైజ్డ్ బాస్కెట్ ఒక్కటే ఇస్తారా? పాడైతే ఏ ఊరికి పంపాలి, కొరియర్ ఎవరు భరిస్తారు? ఇవే అడగండి.

మెషీను తెలిసినవాడైతే అంకెలతో జవాబిస్తాడు. పోర్టాఫిల్టర్ డెలాంగీ డెడికాకి 51 మిల్లీమీటర్లు, బ్రెవిల్ బాంబినో 54, గాజియా క్లాసిక్, రాన్సిలియో సిల్వియా 58. ఇవి వాడికి నోటికి వచ్చి ఉండాలి, రాకపోతే కనుక్కుని చెప్పే ఓపికైనా ఉండాలి. అడిగినదానికి చెప్పకుండా ‘20 బార్ పంపు మేడమ్, టాప్ క్వాలిటీ’ అని వస్తే అక్కడితో వదిలేయండి. ఎస్ప్రెసో దిగడానికి పొడి మీద కావాల్సింది 9 బార్ల దగ్గర. పెట్టె మీద వేసే 15, 20 అన్నవి ఆ పంపు గరిష్ఠంగా తేగలిగే ఒత్తిడి మాత్రమే. దాన్నే గొప్పగా చెప్పి అమ్మేవాడు ఆ మెషీనుతో ఒక్క కప్పైనా తీసి ఉంటాడని నేననుకోను.

ఇంకో గుర్తు. మంచి షాపు మీరు మెషీను పేరు చెప్పగానే గ్రైండర్ ఏంటని అడుగుతుంది. పొడి ఒకే తీరుగా, తగినంత మెత్తగా లేకపోతే ఎంత మెషీనైనా నీళ్లు సర్రున దిగిపోతాయి. మీ 70,000 మొత్తం మెషీనుకే పెట్టించి, గ్రైండర్ తర్వాత చూసుకోండి అనే షాపుకి మీ కాఫీ గురించి పట్టదు. గింజలు కూడా అమ్మే షాపైతే, వాటి మీద వేయించిన తేదీ ఉందో లేదో చూడండి. ఆ తేదీ వేసేవాళ్లు మెషీన్ల విషయంలోనూ కాస్త శ్రద్ధగానే ఉంటారు. ఇది నా అనుభవం.

ఆ సీల్డ్ ఇంపోర్ట్ పీస్ జోలికి దయచేసి వెళ్లొద్దు. దిగుమతి చేసిన వస్తువు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, ఏ దేశంలో తయారైంది, ఫిర్యాదుకి ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ ఉండాలని మన తూనికలు కొలతల నిబంధనలే చెప్తున్నాయి. ఆ స్టిక్కర్ ఫొటో పంపమనండి. సాకులు చెప్తే మీకే అర్థమైపోతుంది. కూకట్‌పల్లి నుంచి ఒకాయన అలా కొన్న ఇటలీ మెషీను నా దగ్గరికి తెచ్చాడు, పంపు పోయింది. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదు. ఆ బ్రాండ్‌ని ఇక్కడ అమ్మేవాళ్లేమో సీరియల్ నంబరు చూసి, ఇది మా ద్వారా వచ్చింది కాదు అన్నారట. అదృష్టం కొద్దీ అందులో ఉన్నది ఉల్కా పంపు. చాలా మెషీన్లలో అదే ఉంటుంది కాబట్టి దొరికింది, వేశాను. పోయింది కంట్రోల్ బోర్డు అయ్యుంటే ఆయన డబ్బంతా పోయినట్టే.

పెద్ద సైటు సంగతి. మీకు అమ్మేది ఆ సైటు కాదు, ‘సోల్డ్ బై’ పక్కన ఉన్న పేరు. ముగ్గురి పేర్లూ రాసుకోండి. బ్రాండ్ సొంత వెబ్‌సైటులో ఆథరైజ్డ్ డీలర్ల జాబితా ఉంటే అందులో వెతకండి, లేకపోతే బ్రాండ్ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఈ పేరు మీ డీలరేనా అని అడగండి. తర్వాత జీఎస్టీ నంబరు చూడండి. 15 అక్షరాలు, మొదటి రెండూ రాష్ట్రం కోడు: తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37, కర్ణాటక 29. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే వ్యాపారం పేరు, ఎప్పుడు రిజిస్టర్ అయింది, ఇప్పుడు నడుస్తోందా లేదా అన్నీ వస్తాయి. పోయిన నెల రిజిస్టరైన వ్యాపారం రెండేళ్ల వారంటీ ఇస్తానంటే నేనైతే నమ్మను.

ఎక్కడ కొన్నా బిల్లు మీద మోడల్‌తో పాటు సీరియల్ నంబరు వేయించుకోండి. వారంటీకి అదే ఆధారం. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. పెట్టె, లోపలి థర్మోకోల్ పారేయొద్దు, బరువైన మెషీను మళ్లీ కొరియర్‌లో వెళ్లాల్సి వస్తే అవే కాపాడతాయి. వీలైతే హైదరాబాద్ వచ్చి షాపులో మెషీను ఆన్ చేయించి, ఒక షాట్ (ఒక చిన్న కప్పు ఎస్ప్రెసో) తీయించి చూడండి. మీరు గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నకల్లా ఇక్కడుంటారు. చేసి చూపించడానికి విసుక్కునే షాపైతే, పాడయ్యాక ఎలా మాట్లాడతారో ఊహించుకోవచ్చు.

రాజమండ్రి కాఫీ

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్ అండీ. అన్నయ్యకి గ్రైండరే తెమ్మని చెప్పాను.

మీరు రాసిన ప్రశ్నలు అందరికీ పంపాను. ఇన్‌స్టాగ్రామ్ ఆయన స్టిక్కర్ ఫొటో పంపలేదు, ఆఫర్ ఈ రాత్రి వరకేనని రెండుసార్లు గుర్తుచేశాడు. ఆయన్ని వదిలేశాను. పెద్ద సైటులో ముగ్గురిలో ఒకరు మాత్రమే బ్రాండ్ డీలర్లట. పాడైతే హైదరాబాద్ సర్వీస్ సెంటరుకి మనమే తీసుకెళ్లాలి. బెంగళూరు షాపు నుంచి ఒకమ్మాయి తనే ఫోన్ చేసింది. 54 ఎంఎం అని, సింగిల్ వాల్ బాస్కెట్ పెట్టెలోనే ఉందని, గ్యాస్కెట్ స్టాకులో ఉందని చెప్పింది. మొదటి ఏడాది కొరియర్ రెండువైపులా వాళ్లదేనట. మా ఇంట్లో ఏ నీళ్లు వాడతామని కూడా అడిగింది. కానీ ఆ డీలరు కంటే 4,000 ఎక్కువ. అంత తేడా పెట్టొచ్చంటారా? ఇక్కడ మాకు బోరు నీళ్లు, తాగడానికి ఆర్వో ఉంది.

విజయవాడ అడ్వకేట్

కొనేముందు ఆ సైటులో గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, ఫోన్, మెయిల్ ఉన్నాయో చూడండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఉండి తీరాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అవి లేని సైటుకి నేను డబ్బు కట్టను.

షాపు బెంగళూరులో ఉన్నా మీరు అక్కడికి తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. అంతకుముందే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే చాలా గొడవలు అక్కడే సర్దుకుంటాయి. వీటన్నిటికీ బిల్లు కావాలి, బిల్లు లేకుండా కొంటే మేమూ పెద్దగా ఏమీ చేయలేం. వీలైతే క్రెడిట్ కార్డుతో కట్టండి. వస్తువు రాకపోతే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడిగే దారి ఒకటి ఉంటుంది.

మియాపూర్ వర్క్‌షాప్

నీళ్ల గురించి అడిగారంటే ఆ అమ్మాయికి పని తెలుసమ్మా. బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉంటే హీటరు లోపల పేరుకుంటుంది, సన్నటి దారులు పూడుకుపోతాయి. చాలా వారంటీల్లో సున్నం వల్ల పాడైతే మాకు సంబంధం లేదని రాసి ఉంటుంది. బోరు నీళ్లు నేరుగా వద్దు. అలాగని మరీ తేటగా తీసేసిన ఆర్వో నీళ్లూ మంచివి కావు, లోహాన్ని తినేస్తాయి, కాఫీ కూడా చప్పగా దిగుతుంది. మీ ఆర్వోకి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) సర్దే స్క్రూ ఉంటే మెకానిక్ చేత కొంచెం పెంచించండి. ఎంత ఉంచాలో ఆ షాపునే అడగండి, మెషీను పుస్తకంలో ఉన్నదాన్ని బట్టి చెప్తారు.

4,000 తేడా పెట్టొచ్చు, కానీ ముందు రెండు పనులు చేయండి. కొరియర్ మాదే అన్నది ఫోన్‌లో మాట. దాన్ని మెయిల్‌లో రాసివ్వమనండి. రెండోది, ఆ డీలరు చెప్పిన హైదరాబాద్ సర్వీస్ సెంటరుకి ఒక ఫోన్ చేసి, ఎస్ప్రెసో మెషీన్లు అక్కడే విప్పుతారా, లేక తీసుకుని ఇంకో ఊరికి పంపుతారా అని అడగండి. కొన్ని సెంటర్లలో ఓవెన్లు, మిక్సీలు చూసేవాళ్లే ఉంటారు, కాఫీ మెషీను వస్తే ఢిల్లీకో ముంబైకో పంపుతారు. అక్కడే విప్పుతామంటే డీలరు దగ్గర కొన్నా తప్పు లేదు, 4,000 మిగులుతుంది, దాంతో మంచి ట్యాంపరు (పొడిని నొక్కేది), తూకం మెషీను కొనుక్కోవచ్చు. పంపుతామంటే మాత్రం బెంగళూరు షాపే నయం.

వంటగట్టు దగ్గర 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తింగ్ ఉన్నాయో లేదో ఈలోగా ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. మెయిల్ వచ్చాక ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.