కొవ్వు తక్కువ వంట కావాలంటే దేశం పేరు చూడాలా, వండే తీరు చూడాలా?

నీలిమ

మా నాన్నగారికి పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయి. ఆపరేషన్ అయ్యేదాకా కొవ్వు బాగా తగ్గించమని డాక్టర్ చెప్పారు. నెల రోజులుగా ఉడకబెట్టిన కూరగాయలతోనే సరిపెడుతున్నాం. రుచి ఎరిగి తినే మనిషి, ఇప్పుడు కంచం ముందు కూర్చోవాలంటేనే డీలా పడిపోతున్నారు. అందుకని వేరే దేశాల వంటల్లో సహజంగానే కొవ్వు తక్కువ ఉన్నవి వెతకడం మొదలుపెట్టాను. ఎక్కడ చూసినా ఒకటే మాట: జపాన్, వియత్నాం, మధ్యధరా వంటలు మంచివి; చైనా, మెక్సికో, ఫ్రాన్స్ వంటలకు దూరంగా ఉండాలి.

అది నమ్మి నాన్నని ఒక జపనీస్ రెస్టారెంటుకు తీసుకెళ్లాను. పేర్లు తెలియక నేను చెప్పినవి మూడు: తెంపురా, టొంకట్సు, టొన్‌కొట్సు రామెన్. మొదటిది పిండిలో ముంచి నూనెలో వేయించేది. రెండోది పంది మాంసానికి బ్రెడ్ పొడి అద్ది వేయించేది. మూడోదాంట్లో నూడుల్స్ ఉండే రసం పంది ఎముకలను గంటల తరబడి మరిగించి తీస్తారు, కొవ్వు కలిసిపోయి పాలలా తెల్లబడుతుంది. ఆ రాత్రి నాన్న నొప్పితో నిద్రపోలేదు. ఆ తప్పు నాదే.

కాబట్టి నా వాదన ఇది. దేశం పేరు చూసి "ఈ వంట ఆరోగ్యకరం" అనడం ప్రమాదకరం. చూడాల్సింది వండే తీరు. మీరేమంటారు?

కిరణ్_జె

నాన్నగారికి అలా అయినందుకు బాధగా ఉంది. కానీ మీ వాదనతో ఏకీభవించలేను నీలిమ గారూ. మీరు తిన్నది జపాన్ హోటల్ వంట, ఇంటి వంట కాదు.

తిండికీ గుండె జబ్బులకీ సంబంధం వెతకడానికి 1958లో మొదలైన ఏడు దేశాల అధ్యయనం చూడండి. ఆ రోజుల్లో జపాన్ పల్లెల్లో మొత్తం కేలరీల్లో కొవ్వు వాటా పది శాతం లోపే. అది డైటింగ్ వల్ల కాదు. అక్కడ రుచికి పునాది దాషీ. కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టి తురిమిన బొనిటో చేప, ఈ రెండిటితో తీసే పల్చటి రసం అది. అందులో కొవ్వు దాదాపు ఉండదు, అయినా నోరు నిండే రుచి. 1908లో కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు రసంలో ఆ రుచికి మూలం గ్లుటమేట్ అని కనిపెట్టి, దానికి ఉమామి అని పేరు పెట్టారు. ఫ్రెంచ్ వంటవాడు వెన్నతో తెచ్చే నిండుదనాన్ని జపాన్ గృహిణి దాషీతో తెస్తుంది. ఇది దేశానికి చెందిన అలవాటు కాదా? ఎక్కడ వెతకాలో చెప్పేది ఆ అలవాటే.

శ్రావణి

పోషకాహారం చదువుకున్నదాన్ని, అందుకే ఒక మాట. అసలు ప్రశ్నే తప్పేమో అనిపిస్తోంది. "తక్కువ కొవ్వు" వేరు, "ఆరోగ్యకరం" వేరు.

కిరణ్ గారు చెప్పిన అధ్యయనంలోనే గ్రీస్‌లోని క్రీట్ ద్వీపం కూడా ఉంది. అక్కడివాళ్ల కేలరీల్లో దాదాపు 40 శాతం కొవ్వు నుంచే, అందులో ఎక్కువ భాగం ఆలివ్ నూనె. అయినా గుండె జబ్బులు చాలా తక్కువ. తూర్పు ఫిన్లాండ్‌లో కూడా కొవ్వు ఇంచుమించు అంతే తినేవాళ్లు, కానీ అది వెన్న, పాల కొవ్వు. గుండె జబ్బుల్లో వాళ్లు అందరికంటే పైన ఉన్నారు. 1972లో అక్కడ నార్త్ కరేలియా ప్రాజెక్టు మొదలై వెన్న తగ్గించి, ఉప్పు తగ్గించి, పొగాకు మాన్పించాక దశాబ్దాల్లో పరిస్థితి పూర్తిగా మారిపోయింది. అమెరికాలో దాదాపు 49 వేల మంది మహిళలతో సగటున ఎనిమిదేళ్లు నడిచిన పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. మొత్తం కొవ్వు తగ్గించుకోమని నేర్పించినా గుండె జబ్బులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు.

ఎంత కొవ్వు అని కాదు, ఏ కొవ్వు అని అడగాలి. "లో ఫ్యాట్" అనే లేబుల్ చూసి చక్కెర నింపిన పెరుగు కొనేవాళ్లను చూస్తే నాకు నిజంగా దిగులేస్తుంది.

నీలిమ

శ్రావణి గారూ, మీరు చెప్పింది ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు నిజం కావచ్చు. కానీ మా నాన్న పిత్తాశయానికి ఆలివ్ నూనె, వెన్న అనే తేడా తెలియదు. కొవ్వు చిన్నపేగులోకి రాగానే కోలెసిస్టోకైనిన్ అనే హార్మోన్ విడుదలై పిత్తాశయాన్ని ముడుచుకోమంటుంది. అప్పుడు రాయి దారికి అడ్డం పడితే నొప్పి. మంచి కొవ్వు తిన్నా అంతే. ప్యాంక్రియాస్ వాపు వచ్చినవాళ్లకు కూడా తరచూ కొవ్వు తగ్గించమనే చెబుతారు. ఇలాంటివాళ్లం "తక్కువ కొవ్వు" అని అడిగిన ప్రతిసారీ "ఆ రోజులు పోయాయి" అంటే మేం ఎక్కడికి వెళ్లాలి?

శ్రావణి

ఒప్పుకుంటున్నాను. ఇంటికొచ్చిన మనిషి అవసరం అడగకుండా పాఠం చెప్పాను, క్షమించండి.

అయితే ఒక్క జాగ్రత్త, ఇది మీకు నేరుగా పనికొచ్చేదే. కొవ్వు పూర్తిగా మాన్పించకండి. బొత్తిగా కొవ్వు లేకపోతే పిత్తాశయం ఖాళీ అవ్వదు, పిత్తం అందులోనే నిలవుండి చిక్కబడుతుంది. మరీ త్వరగా బరువు తగ్గినా కొత్త రాళ్లు వచ్చే ప్రమాదం ఎక్కువ. పైగా ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు ఉండాలి. ఒకే పూట ఎక్కువ పడకుండా రోజంతా కొంచెం కొంచెంగా సర్దడం మేలు. ఎంత అనేది మీ డాక్టర్‌నే అడగండి.

రమేశ్ (చెఫ్)

పద్దెనిమిదేళ్లుగా హోటల్ కిచెన్లలో పనిచేస్తున్నాను. నా ఓటు నీలిమ గారికే. మెనూలో దేశం పేరు పక్కన పెట్టి క్రియాపదం వెతకండి.

చైనా మెనూలో "జెంగ్" అంటే ఆవిరి మీద వండింది, "జా" అంటే నూనెలో ముంచి వేయించింది. ఒకే వంటగది, రెండు వేరే ప్రపంచాలు. జపాన్‌లో "ముషి" ఆవిరి, "నిమోనో" రసంలో ఉడికించింది, "ఆగె" వేయించింది. కరాగె అనే చికెన్ పేరులో కనిపించేది అదే. థాయ్‌లో "నుంగ్" ఆవిరి, "తోట్" వేపుడు. స్పానిష్‌లో "అల్ వపోర్" ఆవిరి, "ఫ్రీతో" వేపుడు. వియత్నాంలో గోయ్ కువోన్ అంటే బియ్యపు రేకులో ఆకుకూరలు, ఉడికించిన రొయ్యలు చుట్టి వేయించకుండా ఇచ్చేది. దాని అన్నదమ్ముడు లాంటి చా యోను నూనెలో వేయిస్తారు. ఇంగ్లిష్ మెనూలో రెండిటికీ "రోల్స్" అనే రాస్తారు, అక్కడే చాలామంది దెబ్బతింటారు.

ఇక అందరూ భయపడే ఫ్రాన్స్. చేపను, కూరగాయలను కాగితంలో పొట్లం కట్టి దాని ఆవిరిలోనే ఉడికించే "ఆన్ పపియోట్" అక్కడిదే. 1970లలో మిషెల్ గెరార్ అనే చెఫ్ వెన్న, మీగడ బాగా తగ్గించి "క్విజీన్ మాన్సూర్" అని ఒక వంట శైలినే నిలబెట్టారు. మెక్సికోలో మొక్కజొన్న తోర్తియా పెనం మీద కాల్చేదే, నూనె అక్కర్లేదు. కరకరలాడే వేయించిన టాకో చూసి ఆ దేశపు వంటనంతా తీసిపారేయడం అన్యాయం.

కిరణ్_జె

రమేశ్ గారూ, మీ సూత్రం కూడా దాటిపోయేవి ఉన్నాయి. "యాకి" అంటే కాల్చింది, కానీ యాకిసోబా నూడుల్స్‌ని పెనం మీద నూనెతోనే వేయిస్తారు. పదం ఒక్కటే నమ్మితే అక్కడా మోసపోతాం.

రమేశ్ (చెఫ్)

నిజమే. ఇంకోటి నేనే చెప్తాను. కాంటన్ తరహా చేప ఆవిరి మీదే ఉడుకుతుంది, కానీ వడ్డించే ముందు అల్లం, ఉల్లికాడల మీద పొగలు కక్కే నూనె పోస్తారు. ఆ నూనె వద్దని ఆర్డర్‌లోనే చెప్పాలి. ఒక్క టేబుల్ స్పూన్ నూనె అంటే 14 గ్రాముల కొవ్వు, 120 కేలరీలు. మేం స్పూన్‌తో కొలిచి పోయం, గిన్నెతో పోస్తాం.

మేఘన

సలాడ్, పచ్చడి అనగానే తేలిక అనుకోకండి. శనగలతో చేసే హమ్మస్‌లో పడే తహినీ నువ్వుల ముద్ద, అందులో సగం పైనే కొవ్వు. థాయ్ గ్రీన్ కర్రీలో కొబ్బరిపాలు ఉంటాయి. టామ్ యమ్ సూప్ అయితే "నామ్ సాయ్" అని అడగండి, తేట రసంతో ఇస్తారు. "నామ్ ఖోన్" అంటే పాలు కలిపి చిక్కగా చేసింది.

ఇథియోపియా గురించి ఎవరూ చెప్పలేదు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో, ఇంకా ఎన్నో ఉపవాస దినాల్లో మాంసం, గుడ్లు, పాలు, వెన్న ముట్టరు. అందుకే పప్పులతో, శనగపిండితో ఎన్నో వంటలు పుట్టాయి. టెఫ్ అనే చిరుధాన్యపు పిండిని పులియబెట్టి అట్టులా పోసే ఇంజెరాలో కొవ్వు చాలా తక్కువ. కానీ ఉపవాసపు కూరల్లో వెన్న బదులు నూనె ధారాళంగా పోసేవాళ్లూ ఉన్నారు. శాకాహారం అయినంత మాత్రాన కొవ్వు తగ్గినట్టు కాదు.

నాకు నచ్చిన చిట్కా ఒకటి. అక్కడ చాలా కూరల్లో ఉల్లిపాయలను ముందు నూనె లేకుండా, సన్నటి సెగ మీద ఓపిగ్గా మగ్గిస్తారు. వాటి నీళ్లలోనే అవి మెత్తబడి తియ్యబడతాయి. నేను ఇప్పుడు ఏ కూరకైనా అలాగే చేస్తున్నాను.

శ్రావణి

కిరణ్ గారి దాషీ గురించి ఒక మాట. కొవ్వు లేదు సరే, పక్కన మిసో (పులియబెట్టిన సోయా ముద్ద), సోయా సాస్ చేరితే ఉప్పు? అప్పటి జపాన్‌లో గుండెపోట్లు తక్కువే కానీ పక్షవాతం చాలా ఎక్కువ, ముఖ్యంగా ఉత్తరాన అకితా ప్రాంతంలో. ఉప్పు దానికి పెద్ద కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. నీలిమ గారి నాన్నగారికి బీపీ కూడా ఉంటే ఇది చూసుకోవాలి.

కిరణ్_జె

ఇది నేను ఆలోచించలేదు. దాషీ ఉంటే ఉప్పు తక్కువైనా రుచిగా ఉంటుంది, కానీ జపాన్‌లో ఆ ఉప్పు తగ్గించకుండానే తిన్నారు, అది నిజం.

నీలిమ

నాన్నకి బీపీ ఉంది. అందుకే నిన్న లావోస్, థాయ్‌లాండ్‌లలో చేసే లాబ్‌ని ఫిష్ సాస్ సగానికి తగ్గించి చేశాను. చర్మం తీసిన చికెన్ బ్రెస్ట్ కైమాను రెండు స్పూన్ల నీళ్లలో ఉడికించి, నిమ్మరసం, పుదీనా, ఉల్లిపాయ, దోరగా వేయించి దంచిన బియ్యప్పొడి కలపడమే. నూనె చుక్క లేదు. ఆ బియ్యప్పొడి వాసనకే నాన్న వంటగదిలోకి వచ్చారు. నెల తర్వాత మొదటిసారి రెండోసారి వడ్డించమన్నారు.

రమేశ్ గారూ, వచ్చే వారం పెరూ వాళ్ల సెవిచే చేద్దామని ఉంది, అదీ నిమ్మరసంతోనే కదా. చేయొచ్చా?

రమేశ్ (చెఫ్)

పచ్చి చేపతో మాత్రం చేయకండి. నిమ్మరసంలో చేప తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తుంది కానీ అందులోని పరాన్నజీవులు, సూక్ష్మక్రిములు అన్నీ చావవు. ఆపరేషన్‌కు ముందు ఆ రిస్క్ వద్దు. కాడ్ లాంటి తెల్ల చేప తీసుకోండి, 100 గ్రాములకు ఒక గ్రాము కొవ్వు కూడా ఉండదు. పెంపకపు సాల్మన్‌లో అది పది దాటుతుంది. ముక్కలను మరిగే నీళ్లలో లోపలిదాకా ఉడికించి, చల్లారాక నిమ్మరసం, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర కలపండి. పక్కన ఉడికించిన చిలగడదుంప పెట్టండి, పెరూలో కూడా అలాగే పెడతారు.